పాత బ్రిటిష్ సైకిల్ ఫ్రేం ఎవరిది, ఎప్పటిది? తేల్చుకునే పద్ధతి మొదటి నుంచి చివరిదాకా

"అన్నా, ఇది ఏ సంవత్సరంది?" అని ఫొటో పంపుతారు. గోడకు ఆనించిన సైకిలు, ఎడమ వైపు నుంచి తీసిన బొమ్మ. చైను వైపు కనబడదు, నంబరు కనబడదు, వెనక చక్రం సగం గడ్డిలో ఉంటుంది. ఆ బొమ్మ చూసి ఎవరైనా టక్కున సంవత్సరం చెప్పేస్తే నమ్మకండి. డెర్బీ, నాటింగ్‌హామ్ చుట్టుపక్కల పాత సామాన్ల సంతల్లో నేను కొన్న ఫ్రేముల్లో అమ్మినవాళ్లు చెప్పిన సంవత్సరం నిలబడ్డవి తక్కువే. వాళ్లు అబద్ధం చెప్పారని కాదు, చూడకూడని చోట చూసి చెప్పారు.

అడిగినవాళ్లందరికీ విడివిడిగా రాసే బదులు మొత్తం పద్ధతి ఒకేచోట పెడుతున్నా. ఒక ఫ్రేంకు మొదటిసారి రెండు మూడు గంటలు పడుతుంది. నాలుగైదు ఫ్రేములు చూశాక అరగంట చాలు.

## 1. ముందు ఈ లెక్క అర్థం చేసుకోండి

ఫ్రేం మీద దొరికే ప్రతి ఆనవాలూ రెండిట్లో ఏదో ఒకటే చెబుతుంది: "దీనికి ముందుది కాదు", లేదా "దీని తర్వాతది కాదు". ఈ రెండు గట్లనూ దగ్గరకు జరుపుకుంటూ రావడమే మన పని.

రెండింటి బలం మాత్రం ఒకటి కాదు. "ముందుది కాదు" అనేది గట్టి మాట. రెనాల్డ్స్ కంపెనీ 531 అనే మేలురకం ఉక్కు గొట్టం 1935లో వచ్చింది కాబట్టి ఆ గొట్టంతో కట్టిన ఫ్రేం 1932ది కావడం అసాధ్యం. "తర్వాతది కాదు" అనేది వదులు మాట. ఫ్రేం కట్టేవాడి బల్ల కింద పదేళ్లనాటి లగ్గుల (గొట్టాలు కలిసే చోట తొడిగే లోహపు జోడింపుల) డబ్బా మిగిలి ఉంటే వాడు పారేయడు, వాడేస్తాడు. అందుకే పాత రకం సామాను చూసి ఫ్రేం పాతదనుకోకండి. ఫ్రేంలో కలిసిపోయి ఉన్నవాటిలో అన్నిటికంటే కొత్తది ఏదో వెతకండి.

## 2. సిద్ధం చేసుకోవలసినవి

- టార్చిలైటు
- వెర్నియర్ కాలిపర్ (ప్లాస్టిక్‌ది వద్దు), టేపు
- పాత టూత్‌బ్రష్, కిరోసిన్ లేదా వైట్ స్పిరిట్, మెత్తటి గుడ్డ
- పల్చని కాగితం, మెత్తటి పెన్సిలు
- చేతికి దొరికితే స్టర్మీ-ఆర్చర్ అనే బ్రిటిష్ గేరు హబ్బుల కంపెనీది ఒక పాత హబ్బు ఇరుసు (ఎందుకో అయిదో మెట్టులో)
- ఒక నోటుపుస్తకం

ఉప్పుకాగితం ఈ జాబితాలో లేదు, చూశారుగా. ఫ్రేం తెచ్చిన రోజే గీకి, రంగు వేయించి, ఆ తర్వాత "ఇది ఎవరిది?" అని అడిగేవాళ్లు చాలామంది. స్టిక్కరు ఊడిపోయిన చోట కూడా రంగులో దాని నీడ మిగులుతుంది. అక్షరం సగం చెరిగినా మిగతా సగంతో పేరు పట్టుకోవచ్చు. గీకితే అది తిరిగి రాదు.

ఏదీ విప్పకముందే తీయవలసిన ఫొటోలు:

- చైను వైపు నుంచి, కెమెరా నేలకు సమాంతరంగా పట్టి, మొత్తం సైకిలు
- బీబీ అడుగు భాగం (పెడళ్ల ఇరుసు తిరిగే అడ్డగొట్టాన్ని బీబీ షెల్లు అంటాం)
- సీటు గొట్టం పై లగ్గు, రెండు వైపులా, వెనక నుంచీ
- హెడ్డు (ఫోర్కు దూరే ముందు గొట్టం) మీది కంపెనీ బిళ్ల, హెడ్డు లగ్గులు
- ఫోర్కు తల, ముందూ వెనకా
- వెనక చక్రం ఇరుసు కూర్చునే చివర్లు రెండూ
- వెనక బ్రేకు అడ్డకడ్డీ

## 3. ఏ జాతి ఫ్రేమో ముందు విడదీయండి

మూడు కుప్పలుగా చూడండి.

రోడ్‌స్టర్. మన తాతల నల్ల సైకిలు. కడ్డీ బ్రేకులు, 28 × 1 1/2 అంగుళాల చక్రాలు, వెనక్కి బాగా వాలిన సీటు గొట్టం.

స్పోర్ట్స్. 26 × 1 3/8 చక్రాలు, వైరు బ్రేకులు, ఎక్కువగా మూడు గేర్ల హబ్బు. రాలీ వాళ్లు లక్షల్లో చేసింది ఈ రకమే.

లైట్‌వెయిట్. క్లబ్బు సవారీలకు, పందేలకు కట్టినవి. నిటారు కోణాలు, సన్నటి సీటు స్టేలు (సీటు దగ్గర నుంచి వెనక ఇరుసు దాకా దిగే జంట గొట్టాలు), 27 అంగుళాల లేదా 700సి చక్రాలు. క్లాడ్ బట్లర్, హోల్డ్స్‌వర్త్, హెచిన్స్, మెర్షియన్, బాబ్ జాక్సన్, జాక్ టేలర్ లాంటి పేర్లు ఈ కుప్పలోవి.

ఈ విడదీత ఎందుకంటే, మొదటి రెండు రకాలకు పేరు తేలిక, సంవత్సరం కష్టం. మూడో రకానికి పేరు దొరకడమే కష్టం. పేరు దొరికితే సంవత్సరం చాలాసార్లు వెంటనే వచ్చేస్తుంది.

## 4. నంబరు వెతకడం, చదవడం

ఈ వరసలో వెతకండి:

1. బీబీ షెల్లు అడుగున
2. సీటు లగ్గు మీద, పక్కలా వెనకా
3. వెనక చివర్ల బయటి ముఖం మీద
4. హెడ్డు కింది లగ్గు మీద
5. ఫోర్కు విప్పితే, హెడ్డులోకి దూరే స్టీరర్ గొట్టం మీద

బీబీ అడుగున యాభై ఏళ్ల గ్రీజు, మట్టి కలిసి తారులా గట్టిపడి ఉంటుంది. స్క్రూడ్రైవరుతో గోకకండి. కిరోసిన్‌లో తడిపిన గుడ్డను పావుగంట కట్టి ఉంచి, బ్రష్షుతో రుద్దండి. తర్వాత టార్చిని ఎదురుగా కాదు, పక్క నుంచి, దాదాపు లోహానికి ఆనించి వెయ్యండి. గుంటలో నీడ పడి అంకె లేస్తుంది. ఇంకా తెలియకపోతే కాగితం పరిచి, చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద చేసినట్టు, పెన్సిలు అడ్డంగా రుద్దండి. దట్టంగా రంగు పట్టిన ఫ్రేం మీద కళ్లకు 3లా కనబడేది పెన్సిలు కింద 8గా తేలడం నాకు రెండుసార్లు జరిగింది.

నంబరు కానివి నంబరనుకోకండి. 21, 22, 23 లాంటి రెండంకెలు ఫ్రేం సైజు, అంగుళాల్లో. లగ్గు లోపలి వైపు ఉండే అంకెలు ఆ లగ్గు పోతపోసిన కంపెనీవి. ఇంకొకటి: ఒకాయన "ఈ నంబరు ఏ కంపెనీదో ఎక్కడా దొరకడం లేదు" అని వారం రోజులు తల పట్టుకున్నాడు. పంపిస్తే చూశాను. రెండక్షరాలు, ఒక అంకె, మళ్లీ ఒక అంకె, రెండక్షరాలు, చివర ఇంకో అంకె. అది పాత యజమాని పోస్టుకోడు, ఇంటి నంబరు! దొంగతనం జరిగితే పట్టుకోవడానికి బ్రిటన్‌లో అలా కొట్టించుకునేవాళ్లు. అసలు నంబరు సీటు లగ్గు మీద ఉంది.

రాలీ నంబర్లు. 1970ల నడిమి నుంచి రాలీ వాళ్ల నాటింగ్‌హామ్, వర్క్‌సాప్ కర్మాగారాల ఫ్రేముల మీద ఒక పద్ధతి కనబడుతుంది: మొదటి అక్షరం కర్మాగారం (ఎన్ అయితే నాటింగ్‌హామ్, డబ్ల్యు అయితే వర్క్‌సాప్), రెండో అక్షరం ఏడాదిలో ఏ భాగమో, ఆ తర్వాతి అంకె సంవత్సరం చివరి అంకె. అంటే "డబ్ల్యు, ఎ, 5" అని మొదలైతే వర్క్‌సాప్‌లో 5తో ముగిసే ఏడాది ఆరంభంలో చేసింది. 1975నా, 1985నా? వర్క్‌సాప్ కర్మాగారం 1980ల తొలినాళ్లలోనే మూతపడింది కాబట్టి 1975. మొదటి మెట్టులో చెప్పిన గట్ల లెక్క ఇదే. ఎన్ అయితే ఈ సౌకర్యం లేదు, ఫ్రేం మీది ఇతర ఆనవాళ్లతో పదేళ్ల తేడా తేల్చుకోవాలి.

అంతకు ముందరి రాలీ నంబర్లకు ఒక్క పద్ధతి లేదు. శ్రేణులు మారాయి, మళ్లీ మొదలయ్యాయి. కాబట్టి 1973కు ముందరి రాలీ స్పోర్ట్స్‌కు నంబరును చివరి సాక్షిగా పిలవండి, మొదటి సాక్షిగా కాదు.

చిన్న తయారీదారులు. కొందరు సంవత్సరం చివరి రెండంకెలను నంబరులోనే కలిపారు, కొందరు ఒకటి నుంచి వరసగా లెక్కపెట్టుకుంటూ పోయారు. పేరు తెలియకుండా 5814 చూసి "1958లో 14వది" అని సంబరపడొద్దు. అది అయిదువేల ఎనిమిదివందల పద్నాలుగోది కూడా కావచ్చు.

స్టీరర్ నంబరు. ఫోర్కు విప్పే ఓపిక ఉంటే తప్పక విప్పండి. ఫ్రేం నంబరే స్టీరర్ మీదా ఉంటే ఆ ఫోర్కు ఆ ఫ్రేంతోనే పుట్టిందని రూఢి. అక్కడి నుంచి ఫోర్కు మీద కనబడే ప్రతి ఆనవాలూ ఫ్రేం సాక్ష్యమే అవుతుంది. బేరింగు గుండ్లు విడిగా ఉంటాయి, కింద గుడ్డ పరిచి విప్పండి. లేకపోతే షెడ్డంతా పాకాలి.

## 5. కొలతలు: అబద్ధమాడని సాక్షులు

రంగు మార్చొచ్చు, స్టిక్కరు అంటించొచ్చు, బిళ్ల కొనొచ్చు. బీబీ మరలు మార్చడం ఎవరికీ సరదా కాదు. నేను అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెడతాను.

బీబీ షెల్లు వెడల్పు, మరలు. మామూలు బ్రిటిష్ కొలత: షెల్లు 68 మి.మీ., మరలు అంగుళానికి 24. రాలీ నాటింగ్‌హామ్ మాత్రం తన సొంత కొలత పెట్టుకుంది: షెల్లు 71 లేదా 76 మి.మీ., మరలు అంగుళానికి 26. హెడ్డు మరలూ అంతే, రాలీవి 26, మిగతావాళ్లవి 24. ఫ్రేం మీద ఏ చిన్న కంపెనీ పేరున్నా సరే, షెల్లు 71 లేదా 76 ఉండి మరలు 26 అయితే అది రాలీ వాళ్ల కొట్టంలోంచి వచ్చిందని అనుమానించండి. తిరగేస్తే మాత్రం సూత్రం పనిచేయదు. రాలీ పేరున్న పందెం ఫ్రేముల్లో వర్క్‌సాప్‌లో చేసినవాటికి మామూలు 24 మరలే ఉంటాయి.

24, 26 కళ్లతో తేడా తెలియదు. స్టర్మీ-ఆర్చర్ ఇరుసు దాచుకోమన్నది ఇందుకే. దాని మరలు అంగుళానికి 26. బీబీ నుంచి విప్పిన బేరింగు కప్పు మరలను ఆ ఇరుసు మరలకు ఆనించి కిటికీ వెలుతురుకేసి పట్టండి. పళ్లు పళ్లు కలిసిపోయి వెలుతురు రాకపోతే 26. ఒక చివర కూర్చుని మరో చివర ఎక్కి దిగితే 24.

విప్పేది ఎడమ కప్పు మాత్రమే. అది మామూలుగానే తిరుగుతుంది. చైను వైపు కప్పు ఎదురు మర. తెలియక బలం పెట్టి చెడగొట్టినవాళ్లకు లెక్కలేదు, దాన్ని ముట్టుకోకండి. క్రాంకును (పెడలు తగిలించే కడ్డీని) ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను ఉంటే, ఊరికే సుత్తితో బాదితే దెబ్బ గుండ్లకు తగిలి కప్పులో గుంటలు పడతాయి. క్రాంకు కింద నేలకు ఆనేలా ఒక ఇనుప గొట్టం నిలబెట్టి, నట్టు చివరిదాకా వదులు చేసి, ఒక్క గట్టి దెబ్బ వెయ్యండి. పది మెత్తటి దెబ్బలు పిన్నును వంచుతాయి.

1.45 అంగుళాల వ్యాసం, 26 మరలతో ఇంకా పెద్ద బీబీ తగిలితే అది చేటర్-లీ షెల్లు. పాతకాలపు మంచి లైట్‌వెయిట్లలో వస్తుంది. దొరికితే అదృష్టం, కప్పులు పాడైతే కష్టం.

సీటు గొట్టం లోపలి వ్యాసం. లగ్గు దగ్గర బిగించి బిగించి గొట్టం నొక్కుకుపోయి ఉంటుంది. కాబట్టి కొంచెం కిందికి, రెండు దిశల్లో కొలవండి.

- 27.2 మి.మీ. సీటు పిల్లరు (సీటును మోసే కడ్డీ) పడితే: పల్చటి మంచి గొట్టం. 531 బటెడ్ (చివర్లలో మందంగా, మధ్యలో పల్చగా ఉండే గొట్టం) కావడానికి బాగా అవకాశం ఉంది.
- 26.4 నుంచి 26.8: బటెడ్ కాని, ఒకే మందం ఉన్న మంచి గొట్టం అయ్యుండొచ్చు.
- 25.4: మామూలు ఉక్కు. రాలీ స్పోర్ట్స్ ఇలాగే ఉంటుంది.

ఫ్రేంలో ఉన్న పిల్లరు కొలిచి సరిపెట్టుకోకండి. రేకు చుట్టి సన్న పిల్లరు దోపినవాళ్లు చాలామంది. 25.4 గొట్టం మీద 531 స్టిక్కరుంటే ఆ స్టిక్కరును నమ్మనక్కర్లేదు.

వెనక చివర్ల మధ్య దూరం. చక్రం తీసి, లోపలి ముఖాల మధ్య కొలవండి. మూడు గేర్ల హబ్బుకు సుమారు 114 మి.మీ., అయిదు గేర్ల పళ్లచక్రానికి 120, ఆరేడు గేర్లకు 126. ఉక్కు ఫ్రేం కాబట్టి సాగదీస్తారు. 126 ఉందని 1980లదని రాసేయకండి. 114 ఉంటే మాత్రం ఎవరూ పనిగట్టుకుని మూసి ఉండరు కనుక, దాన్ని కొంచెం ఎక్కువ నమ్మొచ్చు.

## 6. లగ్గులు, చివర్లు, అతికిన ముక్కలు

ఇక్కడ పరుగు పెట్టకండి. ప్రతిదానికీ "ఇది ఎప్పటి నుంచి ఉంది?" అని అడగండి.

- వెనక చివర్లు. వెనక్కి తెరుచుకునే చివర్లు ఉంటే ట్రాక్ ఫ్రేం, లేదా పాత రోడ్డు ఫ్రేం. ముందుకు తెరుచుకుని, గేరు తగిలించే కొక్కెం ఫ్రేంతోనే కలిసి, ఇటలీ కంపెనీ కాంపాగ్నోలో పేరు ఉంటే 1950లకు ముందుది కాదు.
- చైన్‌స్టే (బీబీ నుంచి వెనక ఇరుసుకు పోయే గొట్టం) మీద సైక్లో బొడిపె. బర్మింగ్‌హామ్ సైక్లో గేరు కోసం అతికింది. 1930ల నుంచి 1950ల దాకా వచ్చిన ఫ్రేముల్లో చూస్తాం.
- ఫోర్కు మీద దీపం బొడిపె. కుడి కడ్డీ మీద చిన్న అతుకు. 1950ల దాకా మామూలు, తర్వాత అరుదు.
- నెర్వెక్స్ ప్రొఫెషనల్ లగ్గులు. పూలతీగలా వంపులు తిరిగిన ఫ్రెంచి లగ్గులు. రెండో ప్రపంచయుద్ధం తర్వాతివి.
- బ్రేకు రంధ్రం. ఫోర్కు తల వెనక రంధ్రం ముందు రంధ్రం కంటే పెద్దదై, నట్టు లోపలికి దిగేలా ఉంటే 1970ల చివరి నుంచి.
- నీళ్ల సీసా బొడిపెలు. బ్రిటిష్ ఫ్రేముల్లో సాధారణంగా 1970ల నుంచి.

చివరి దాంట్లో పెద్ద గొయ్యి ఉంది. పాత ఫ్రేంకు మళ్లీ రంగు వేయించేటప్పుడు, "అలాగే సీసా బొడిపెలు కూడా పెట్టెయ్యి" అని చెప్పడం ఇక్కడ మామూలే. 1955 ఫ్రేంకు 1985లో బొడిపెలు వస్తాయి. ఎలా పట్టుకోవాలి? మిగతా ఆనవాళ్లన్నీ 1950లు అంటుంటే, ఒక్క బొడిపె మాత్రమే 1970లు అంటుంటే, ఆ బొడిపెను పక్కన పెట్టండి. లగ్గు, బీబీ షెల్లు, వెనక చివర్లు మార్చడం పెద్ద శస్త్రచికిత్స. బొడిపె అతికించడం పది నిమిషాల పని. సాక్ష్యం బరువు దాన్ని మార్చడానికి పట్టే శ్రమను బట్టే.

కొన్ని ఫ్రేములు దూరం నుంచే పేరు చెబుతాయి. పాములా మెలికలు తిరిగిన స్టేలు: హెచిన్స్. సీటు గొట్టం నిటారుగా, చక్రానికి ఆనుకుని, గేటు తలుపులా ఉన్నది: బెయిన్స్ ఫ్లయింగ్ గేట్. రెండేసి సన్నగొట్టాలతో చేసిన ఫోర్కు: హంబర్. ఫోర్కు కడ్డీ రెండుచోట్ల వంగినట్టుంటే: బేట్స్.

## 7. రెనాల్డ్స్ స్టిక్కరు ఎంతవరకు నమ్మాలి

స్టిక్కరులో ప్రతి మాటా చదవండి. ఫ్రేం గొట్టాలు మాత్రమేనా, ఫోర్కు, స్టేలు కూడానా అన్నది అందులోనే ఉంటుంది. మొదటిదైతే మూడు ప్రధాన గొట్టాలే 531, మిగతావి మామూలు ఉక్కు అని అర్థం.

గట్లకు పనికొచ్చేవి: 531 అంటే 1935కు ముందుది కాదు. 753 అంటే 1970ల నడిమికి ముందుది కాదు. 531సి, 531ఎస్‌టి, 501 అంటే 1980ల తొలినాళ్లు లేదా ఆ తర్వాత.

ఇవన్నీ స్టిక్కరు అసలుదైతేనే. కొత్త నకళ్లు కొన్ని పౌండ్లకు దొరుకుతాయి. గోరుతో అంచు తడిమి చూడండి: పాత ట్రాన్స్‌ఫర్ (అప్పట్లో స్టిక్కరు బదులు రంగు మీదికి దింపిన పల్చని బొమ్మ) వార్నిష్ కింద ఒదిగి ఉంటుంది, కొత్త వినైల్ స్టిక్కరు అంచు గోరుకు తగులుతుంది. చివరి మాట సీటు గొట్టం కొలతదే.

## 8. హబ్బు, క్రాంకు, బ్రేకుల మీది తేదీలు

చదవండి, రాసుకోండి, ఫ్రేంకు ఆపాదించకండి.

స్టర్మీ-ఆర్చర్ హబ్బు మీద రకం పేరు పక్కన తేదీ ఉంటుంది. "ఎ.డబ్ల్యు. 62 3" అంటే 1962 మార్చి. 1930ల హబ్బుల మీద ఒకే అంకె. డైనో హబ్బు (దీపానికి కరెంటు పుట్టించే హబ్బు) మీదా తేదీ ఉంటుంది. కాంపాగ్నోలో పాత హబ్బుల ఇరుసు నట్ల మీద సంవత్సరం చివరి రెండంకెలు కనబడతాయి. విలియమ్స్ క్రాంకుల వెనక అక్షర సంకేతం ఉంటుంది, దానికి పట్టికలున్నాయి.

ఇవి చెప్పేది ఆ భాగం వయసు. వెనక హబ్బు, డైనో హబ్బు, క్రాంకు మూడూ ఒకే ఏడాదిని చూపి, అది ఫ్రేం గట్ల మధ్య పడితే సైకిలు విడదీయకుండా వచ్చిందని ధైర్యంగా చెప్పొచ్చు. ఒక్క హబ్బే అయితే అది చక్రం కథ. కర్మాగారంలో హబ్బు చేసిన కొన్ని నెలలకు సైకిలుకు ఎక్కుతుంది కాబట్టి, డిసెంబరు హబ్బుంటే సైకిలు మరుసటి ఏడాదిది అనుకోండి.

## 9. పేరు ఒకటి, చేసింది ఇంకొకరు

హెడ్డు బిళ్ల చూశాక ఈ సంవత్సరాలతో సరిపోల్చండి:

- హంబర్ సైకిళ్లు: 1932 నుంచి రాలీ చేతిలో
- రడ్జ్-విట్‌వర్త్: 1943 నుంచి
- ట్రయంఫ్ సైకిళ్లు: 1954 నుంచి
- బి.ఎస్.ఎ. సైకిళ్లు: 1957 నుంచి
- కార్ల్‌టన్: 1960 నుంచి
- ఫిలిప్స్, హెర్క్యులస్: 1960లో వాటి యజమాని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్, రాలీ కలిసిపోయాక

1965 నాటి ఫిలిప్స్ సైకిలు బిళ్ల విప్పితే లోపల రాలీ ఉంటుందన్నమాట. ఇదే మనకు ఉపయోగం: ఫిలిప్స్ బిళ్ల కింద 26 మరల బీబీ కనబడితే, 1960 తర్వాతదని ఒక గట్టి గట్టు దొరికినట్టే. క్లాడ్ బట్లర్ కూడా 1950ల చివర్లో మునిగాక ఆ పేరును హోల్డ్స్‌వర్త్ కొంది. అంచేత "క్లాడ్ బట్లర్" అని చెబితే సరిపోదు, ముందరిదా తర్వాతదా చెప్పాలి. ధరలో తేడా అక్కడే.

పెడళ్ల దగ్గరి పళ్లచక్రం కూడా పేరు చెబుతుంది: కొంగ తలలుంటే రాలీ, తెరిచిన అరచెయ్యి ఉంటే రడ్జ్, పరిగెడుతున్న మనుషుల వరస ఉంటే హంబర్. అది విప్పి బిగించే భాగమని మాత్రం మరవకండి.

## 10. మన ఊళ్లో తాతగారి సైకిలైతే

హైదరాబాదు, విజయవాడ నుంచి అడిగేవాళ్లకు ఈ మెట్టు ముఖ్యం. రాలీ అని ఉన్నంత మాత్రాన నాటింగ్‌హామ్‌ది కాదు. 1950ల నుంచి పశ్చిమబెంగాల్‌లోని ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ కర్మాగారం రాలీ సైకిళ్లు చేసింది. మద్రాసు దగ్గర అంబత్తూరులో 1949లో మొదలైన టి.ఐ. సైకిల్స్ హెర్క్యులస్, ఫిలిప్స్, బి.ఎస్.ఎ. పేర్లతో చేసింది.

బిళ్ల మీద ఊరి పేరు చదవండి. బిళ్ల ఒక్కటే చాలదు, బిళ్లలు మారతాయి. హబ్బు, రిమ్ము, క్రాంకు, పెడలు, బ్రేకు కడ్డీలు, ఒక్కొక్కటీ తుడిచి "మేడ్ ఇన్ ఇంగ్లండ్" అని ఎన్నిటి మీద ఉందో లెక్కపెట్టండి. లగ్గుల దగ్గర గడ్డకట్టిన వెల్డింగు మచ్చలుంటే విరిగి అతికించింది. మన షాపుల్లో వెనక స్టేలు వేరే ఫ్రేం నుంచి కోసి పెట్టడం కూడా చూశాను. అలాంటప్పుడు ముందు సగానికీ వెనక సగానికీ విడివిడిగా గట్లు రాసుకోండి.

ఆసన్‌సోల్ సైకిలని తేలితే మొహం మాడ్చుకోనక్కర్లేదు. తాత తొక్కింది అదే కదా.

## 11. ఒక ఫ్రేం మీద మొత్తం పద్ధతి

రెండేళ్ల కిందట ఒక సంతలో కొన్న ఆకుపచ్చ ఫ్రేం. "1953 రాలీ" అని చీటీ. కారణం: వెనక హబ్బు మీద 53.

- బీబీ షెల్లు 68 మి.మీ. ఎడమ కప్పు మరలు ఇరుసుకు కలవలేదు, అంటే 24. నాటింగ్‌హామ్ రాలీ కాదు.
- సీటు గొట్టం 27.2. స్పోర్ట్స్ కుప్ప కాదు, లైట్‌వెయిట్.
- హెడ్డు బిళ్లకు రివెట్టు రంధ్రాలే లేవు. పేరు ట్రాన్స్‌ఫర్‌తో వేసిన చిన్న తయారీదారు.
- వెనక చివర్లు కాంపాగ్నోలో, కొక్కెంతో. 1950లకు ముందుది కాదు.
- ఫోర్కు మీద దీపం బొడిపె, స్టీరర్ మీద ఫ్రేం నంబరే. ఫోర్కు అసలుదే, కాబట్టి 1960ల మధ్య దాటి ఉండకపోవచ్చు.
- నెర్వెక్స్ లగ్గులు. గట్టు మారలేదు.
- సీసా బొడిపెలు లేవు, బ్రేకు రంధ్రాలు రెండూ చిన్నవే. పై గట్టుతో సరిపోయింది.
- రెండు పొరల రంగు. లోపలి పొర ఎరుపు, కింది కడ్డీ మీద రెండక్షరాల నీడ.

నోటుపుస్తకంలో రాసుకున్నది: "1950లు లేదా 60ల మొదట్లో చేసిన లైట్‌వెయిట్, 531 కావచ్చు, పేరు తెలియదు." హబ్బు 1953ది కావడం అబద్ధం కాదు, ఆ చక్రం ఇంకో సైకిలు నుంచి వచ్చి ఉండొచ్చు. ఆ రెండక్షరాల నీడ ఇప్పటికీ నన్ను వదలడం లేదు.

## 12. ఎక్కువగా జరిగే తప్పులు, దిద్దుబాట్లు

హబ్బు తేదీని ఫ్రేం తేదీగా రాయడం. ఫ్రేంలో బ్రేజ్ చేసి (ఇత్తడి కరిగించి అతికి) ఉన్న రెండు ఆనవాళ్లు ఒప్పుకుంటేనే రాయండి.

ఒకే ఒక్క సంవత్సరం కోసం పట్టుబట్టడం. "1956–62" అనేది మంచి జవాబు. "1958" అని రాస్తే దాని వెనక నంబరు, పేరు రెండూ ఉండాలి.

ఇంటర్నెట్ నంబరు పట్టికలో దగ్గరి అంకె చూసి సరిపెట్టుకోవడం. ఆ పట్టిక ఏ కర్మాగారానిదో, ఏ రకం సైకిళ్లదో ముందు చూడండి. వర్క్‌సాప్ నంబరును నాటింగ్‌హామ్ పట్టికలో వెతికితే ఏదో ఒక సంవత్సరం దొరుకుతుంది, అది తప్పయి ఉంటుంది.

గీకేశారా? నిరాశ వద్దు. స్టిక్కర్లు పోయినా లోహం మిగిలింది. 4, 5, 6 మెట్లు పూర్తిగా చేయొచ్చు. గీకాక నంబరు ఇంకా స్పష్టంగా కనబడుతుంది కూడా.

## 13. ఎవరినైనా అడిగే ముందు నింపవలసిన చీటీ

- నంబరు, అది ఉన్న చోటు, పెన్సిలు ముద్ర ఫొటో
- స్టీరర్ నంబరు (చూశారా, లేదా)
- బీబీ షెల్లు వెడల్పు, మరలు 24/26
- సీటు గొట్టం లోపలి వ్యాసం
- వెనక చివర్ల మధ్య దూరం, చివర్ల మీది పేరు
- లగ్గుల ఆకారం, అతికిన బొడిపెలన్నీ
- బిళ్ల రంధ్రాలు ఎన్ని, ఏ వరసలో
- విడిభాగాల తేదీలు, "ఫ్రేంవి కావు" అన్న గుర్తుతో
- మీరు తేల్చిన రెండు గట్లు, ఏ ఆనవాలుతో తేల్చారో

బ్రిటన్‌లో 1955 నుంచి ఉన్న వెటరన్-సైకిల్ క్లబ్బులో ఒక్కో కంపెనీకి ఒక్కో నిపుణుడు ఉంటాడు. చాలా కంపెనీల పాత రికార్డులు వాళ్లకే బాగా తెలుసు. వాళ్లకు రాసేటప్పుడు ఈ చీటీ, రెండో మెట్టులోని ఏడు ఫొటోలు జతచేయండి. అవి లేకుండా రాస్తే వచ్చే మొదటి జవాబు నాకు కంఠతా వచ్చు: "దయచేసి బీబీ అడుగు భాగం ఫొటో పంపండి."